రెండు కుడిచేతులకు సెలవు

"స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేసేయండి డాక్టర్. సాయంత్రం నాకు ఢోలు ప్రాక్టీసుంది."

రిపేరుకు తెచ్చిన మిక్సీలా కుడి మోచేతిని బల్ల మీద పెట్టింది కేతకి.

డాక్టర్ శార్దూల్ పేరులోనే పులి. మాట మాత్రం చల్లటి మజ్జిగ. మోచేతి బయటివైపు ఎముక దగ్గర వేలితో నొక్కాడు. "ఆయీ!" అని కేతకి పెట్టిన కేకకు బయట వరసలో కూర్చున్న పెద్దాయన పేపరు జారవిడిచాడు.

"ఇదివరకు ఈ ఇంజెక్షన్ చేయించుకున్నారా?"

"రెండుసార్లు. మూడోది మీ చేతి మీదుగా కానివ్వండి."

"వెయ్యను."

పుణెలో డాక్టరు కాదంటే పేషెంటు ఊరుకుంటుందా? "ఏం? మందు అయిపోయిందా?"

"ఆ సూదికి నొప్పి తొందరగానే పోతుంది. పోయింది కదా అని మీరు మళ్ళీ ఢోలు బాదుతారు. లోపల కండను ఎముకకి పట్టి ఉంచే టెండన్ ఇంకా బలహీనపడుతుంది. మీ రక్తమే కాస్త తీసి, అందులో ప్లేట్‌లెట్లు వేరుచేసి అక్కడే ఎక్కిస్తాను. మెల్లగా మానుతుంది."

"మెల్లగా అంటే?"

"రెండు మూడు నెలలు. గ్యారంటీ ఇవ్వలేను. అందాకా ఢోలు ముట్టుకోకూడదు."

కేతకి వేళ్ళ మీద లెక్కపెట్టింది. వినాయక నిమజ్జనం రెండు నెలల్లో ఉంది. వాళ్ళ ఢోలు దళంలో ముందు వరసను ఆడపిల్ల నడిపించడం ఈ ఏడే మొదలు. ఆ పిల్ల తనే.

"మీరెప్పుడైనా నడుముకి ఢోలు కట్టుకున్నారా?"

"లేదు."

"మరి నాకేం పోతుందో తెలియకుండానే మానెయ్యమంటారేం?"

తిట్టింది. తిడుతూనే రక్తమిచ్చింది. మూడో సూది వేయించుకున్నా ఆ నొప్పి తిరిగి రాకమానదని ఆమెకూ తెలుసు. ముందు వరస స్నేహితురాలు సాయలీకి వెళ్ళింది. కేతకి ఇంటికెళ్ళి తలుపేసుకుని తనివితీరా ఏడ్చింది.

మర్నాడు సాయంత్రం ముఠా నది ఒడ్డున ప్రాక్టీసు షెడ్డులో, వానకు తడిసి ముద్దయిన శార్దూల్ ప్రత్యక్షమయ్యాడు.

"ఏం పోతుందో తెలుసుకుందామని వచ్చాను."

దళం పెద్ద బాపూ కాకా అందరు కొత్తవాళ్ళకిచ్చినట్టే అతనికీ ఓ పాత టైరు, ఓ కర్ర ఇచ్చాడు. "కేతకీ, గోళ్ళు గిల్లుకుంటున్నావుగా. నేర్పు."

నేర్పింది. కక్షతీరా నేర్పింది.

"అది టైరు డాక్టర్‌గారూ, పేషెంటు కాదు. గట్టిగా వాయించండి!"

తాళం ఒక దారి, అతనొక దారి. దళమంతా పడీపడీ నవ్వింది. అతనూ నవ్వాడు. ఆ నవ్వు బాగుందని కేతకికి తెలిసేసరికి ఆలస్యమైపోయింది. రోజూ ఎడమచేత్తో చాయ్ అందించడం, అతని నీలం గొడుగు కనబడేదాకా గేటు వైపు చూడడం అప్పటికే అలవాటైపోయాయి.

టైరు పోయి నిజం ఢోలు వచ్చింది. అతని నడుముకి తాడు కట్టడం కేతకి పని. ఎడమచేత్తో ముడి ఎంతకీ పడదు. అతనికీ తొందరేం లేదు.

నిమజ్జనానికి ముందురోజు శార్దూల్ చాయ్ గ్లాసును ఎడమచేత్తో అందుకున్నాడు.

"కుడిచేతికేమైంది?"

"ఏం లేదే!"

కేతకి మోచేతి బయటివైపు నొక్కింది. పులి మ్యావ్‌మంది.

"అయ్యో రామా! మీకూనా?"

"పొద్దున్నే మా ఫ్రెండు దగ్గర ఒక్క స్టెరాయిడ్ వేయించుకుంటే రేపటికి..."

"ఏమిటీ! పక్కవాళ్ళకి చెప్పడానికేనా నీతులు?"

"నా మూలంగానే కదా మీకు ముందు వరస పోయింది" అన్నాడు తలదించుకుని. "మీ తరఫున ఒక్క కూడలిలోనైనా వాయించాలనుకున్నాను."

కేతకికి కాళ్ళు నేల మీద ఆనలేదు. అయినా గొంతు పెంచింది. "వద్దు. ఇది డాక్టర్ కేతకి ఆర్డరు. వచ్చే ఏడు ఇద్దరం వాయిద్దాం."

బాపూ కాకా వచ్చి ఇద్దరి మోచేతులూ చూసి తల పట్టుకున్నాడు. "ఎడమచేతులు ఉన్నాయిగా? జనం దళం మీద పడకుండా తాడు పట్టుకోండి."

పట్టుకున్నారు. మర్నాడు సాయలీ మొదటి దెబ్బ వెయ్యగానే కేతకి కళ్ళు చెమర్చాయి. అంతలో జనం తోసిన తోపుకి శార్దూల్ భుజం వచ్చి తగిలింది. మళ్ళీ తోస్తే బాగుండుననిపించింది.

ఇంతలో కేతకి వాళ్ళ అమ్మ మోదకాల డబ్బాతో జనాన్ని చీల్చుకుంటూ వచ్చింది. వాళ్ళ చేతులు ఖాళీ లేవని చెరొకటి నోట్లో కుక్కింది.

"ఈయనకీ అదే మోచెయ్యా? బాగుందే జోడీ! ఇద్దరి కుడిచేతులూ ఇలాగైతే రేపు నా మనవల్ని ఎవరే ఎత్తుకునేది?"

ఆవిడ వేళాకోళానికే అంది. శార్దూల్ మాత్రం మోదకం మింగి, క్లినిక్ గొంతుతో జవాబు చెప్పాడు.

"అప్పటికల్లా ఇద్దరికీ తగ్గిపోతుంది ఆంటీ."

అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. చెవులు ఊరేగింపులో చల్లిన గులాల్‌కన్నా ఎర్రబడ్డాయి. అమ్మ అతన్ని కిందినుంచి పైదాకా చూసి, ఇంకో మోదకం తీసింది.

"గ్యారంటీయా?" అంది కేతకి.

"గ్యారంటీ."

"తాడు! తాడు వదిలేశార్రా!" అని బాపూ కాకా అరుస్తూనే ఉన్నాడు.