ఎనుకకు ఏసిన ముద్ద

మా తమ్ముడు చరణ్‌కు ఇరవై రెండేండ్లు. ఒట్టి పిరికోడు. అమ్మ పోయినప్పటి నుంచి నా చేతి ముద్దతోనే పెరిగిండు, గారాబం చేసింది నేనే. ఆ ఆదివారం పొద్దుగాల మిర్యాలగూడ నుంచి బండి మీద హాలియా దాటి, సాగర్ దిక్కున్న అడవి గుట్ట ఎక్కుదామని పోయినం. మాపటికల్లా దిగి రావాలని అనుకున్నం.

గుట్ట కిందనే మా పాత తండా. ఆడ సేవ్యా తాత మేకలు కాస్తున్నడు. పైన అన్నం తినేముందు మొదటి ముద్ద భుజం మీదికెళ్లి ఎనుకకు ఎయ్యమన్నడు. తిరిగి సూడొద్దన్నడు. పడ్డ సప్పుడు రాకున్నా భయపడొద్దు, ఎవరి ఆకలి వాళ్లది అన్నడు. ఇగ మావోని మొహం సూడాలె! దారి పొడుగునా అదే నస. నాకు ఒళ్లు మండింది.

పైకి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. అయినా చెట్ల కింద మసకగనే ఉన్నది. రాలిన ఇప్పపూలు పులిసిన వాసన. ఒక్క పిట్ట కూడా కూస్తలేదు. డబ్బా తీసి పులిహోర పెట్టిన. వాని భయం వదలగొడదామని, వాడు సూడకుండ ముద్దల చిన్న గులకరాయి దాచిన. అది బండ మీద టక్కుమని పడితే, విన్నవా, ఈడ ఎవరూ లేరని నవ్వుదామనుకున్న. నా తెలివి తెల్లారినట్టే ఉన్నది.

చరణ్ కండ్లు మూసుకొని ముద్ద ఎనుకకు ఏసిండు.

పడలేదు.

ఒక్క క్షణం... రెండు...

కటుక్కు.

అన్నంల రాయి పంటి కింద పడితే వచ్చే సప్పుడు. అది తెలియందెవరికి? ఆ ఎంబడే ఎవరో తుపుక్కున ఉమ్మిండ్రు. నా గులకరాయి దొర్లుకుంట వచ్చి నా చెప్పుకు తగిలింది. దాని మీద నెత్తురు.

"అక్కా... నా ముద్దల ఏం పెట్టినవ్?" గుసగుసగ అడిగిండు.

"ఏం పెట్టలే."

డబ్బా ఆడనే వదిలి ఉరికినం. ఎనుక ఏదో నములుకుంట వస్తున్నట్టే ఉన్నది... కింది దాకా.

చరణ్ జరిగింది చెప్తే సేవ్యా తాత మా ఇద్దరి మొహాలు సూసిండు. రాయి పెట్టినోళ్లే మళ్ల ఎక్కి, తమ చేతితోని అన్నం పెట్టి రావాలన్నడు. లేకుంటే ముద్ద ఏసినోన్ని పడతదన్నడు. నేను తల దించుకున్న. మళ్ల ఆ గుట్ట ఎక్కుడా... నాకు పానం మీద తీపి.

ఆ దినం నుంచి చరణ్ ఏది నోట్ల పెట్టుకున్నా కటుక్కు. మూడుసార్లు చెరిగిన బియ్యంతోని వండిన అన్నం, జావ, ఆఖరికి పాలు కూడా. దవాఖానల చూసి ఏం లేదన్నరు. పండ్లు ఒక్కొక్కటే విరిగి రాలినయి. నెల తిరగకముందే పిల్లగాడు ఎముకల గూడు అయిండు. నిజం రోజూ గొంతు దాకా వచ్చేది. రోజూ మింగిన.

నిన్న పగటిపూట అన్నం మెత్తగ పిసికి, ముద్ద చేసి, నోరు తెరువు నాయనా అని బతిమాలిన. వాడు తెరవలేదు.

కటుక్కు.

నా ఎనుక.

చరణ్ నా భుజం మీదికెళ్లి అటు సూస్తున్నడు. వాని బోసి నోరు మెల్లగ కదిలింది.

"రాయి పెట్టింది నువ్వేనని అది ఆ దినమే చెప్పింది అక్కా. నువ్వు చెప్తవేమోనని సూసిన."

ఎనుకకు తిరగలేదు. నా చేతి దిక్కు సూసుకున్న.

ముద్ద లేదు.