తగరపు బిళ్ళ మీద మూడు గీతలు

పాలెంబాంగ్‌లో మా దీవిలో పారే మూసీ నది మీద తేలే తెప్ప ఇళ్ళలో మాదొకటి. ముందు గదిలో నా పాత నాణేల కొట్టు. నదిలో మునిగి అడుగున బురద దేవేవాళ్ళు తెచ్చిన తగరపు బిళ్ళలు కొని, వాటి మీది గుర్తులు ఏ సుల్తాను కాలానివో పోల్చడం నా పని. మా తమ్ముడు దెరుస్ కూడా మునిగేవాడే.

ఆ ఏడాది అడవులు తగలబడి, నెలరోజులుగా ఊరంతా పొగ. మిట్టమధ్యాహ్నం కూడా మసక. అన్నం మెతుక్కి కూడా కాలిన వాసనే.

ఆ వారంలో దెరుస్ పదకొండు బిళ్ళలు తెచ్చాడు. ఆకంత పలచన, నడుమ చిల్లు, అంచులు విరిగినవే. అన్నిటి మీదా ఒకటే గుర్తు, పక్కపక్కనే మూడు గీతలు. అరబ్బీ అక్షరమా? పూరేకులా? కాగితం పరిచి బొగ్గుతో రుద్ది, నా దగ్గరున్న పట్టికలన్నీ తిరగేశాను. ఎక్కడా లేదు. కూర్చుంటే కూర్చోలేను, పడుకుంటే నిద్ర రాదు.

"అంచు విరగనిది ఒక్కటి తేరా," అన్నాను.

"అవి దొరికిన గుంటలోకి ఇక దిగనక్కా."

"ఏం, పెళ్ళాం కడుపుతో ఉంటే నీకా వేవిళ్ళు?"

వాడు నవ్వలేదు. "అక్కడ నేను వెతకట్లేదు. ఆ చీకట్లో చెయ్యి చాపితే... అరచేతిలో పెడుతున్నారు."

"ఒండ్రు జారి పడుతుంటుంది లేరా. నేనూ పడవలో వస్తా, పద."

నా మాట కాదనలేక బయల్దేరాడు.

పడవలో తాడు పట్టేది సెనిన్ మామ. ముప్పై ఏళ్ళుగా అదే పని. దెరుస్ నడుముకు తాడు కట్టుకుని, పడవలోని గాలి యంత్రానికి తగిలించిన గొట్టం పళ్ళతో కరిచిపట్టి మునిగాడు. గోధుమరంగు నీళ్ళు వాణ్ణి మింగేశాయి. బుడగలు మాత్రం పైకొస్తున్నాయి. ఊరికే కూర్చోలేక, వెంట తెచ్చుకున్న పదకొండు బిళ్ళల్లో ఒకటి తీసి మామకి చూపించాను.

"దీనికోసమా నిద్ర మానుకున్నావు?" అన్నాడు నవ్వుతూ. "మా తాతల నాటి నుంచీ తాడు పట్టేవాడికి తెలిసిందేగా. కింద నుంచి ఒకసారి లాగితే క్షేమం. రెండుసార్లయితే తాడు వదులు. మూడైతే..."

నవ్వు ఆగిపోయింది.

"మూడైతే?"

"పైకి లాగు."

బిళ్ళని వెలుతురుకేసి తిప్పాను. తగరమంతా నల్లబడి ఉంది. గీతలు మాత్రం తెల్లగా మెరుస్తున్నాయి. చింతపండుతో తోమినందుకు వచ్చిన మెరుపనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదు... కొత్త గీతలు. నిన్నో మొన్నో గోటితో గీసినవి.

"మామా, వాణ్ణి పిలు..."

తాడు కదిలింది. ఒకటి. రెండు. మూడు.

ఇద్దరం కలిసి లాగాం. రాదే! అరచేతులు చీరుకుపోతున్నాయి. పడవ ఒక పక్కకి ఒరిగింది. బురద కంపు పొగని కూడా మింగేసింది.

"ఇది దెరుస్ బరువు కాదు," గొణిగాడు మామ.

మా వెనకవైపు, పడవ అంచుని ఒక చెయ్యి పట్టుకుంది. కెవ్వుమన్నాను. దెరుస్! గొట్టం ఉమ్మేసి, మా చేతుల్లోని తాడు వంక చూశాడు.

"ఎవర్ని... లాగుతున్నారు?"

వాడి నడుముకు తాడు లేదు.

"ముడి విప్పేశారక్కా... మెల్లగా... వేళ్ళతో..."

మామ చేతిలో తాడు మళ్ళీ అదిరింది. మూడుసార్లు. ఆగకుండా మళ్ళీ మూడు. మామ కత్తి తీసి కోసేశాడు. తెగిన కొస గబగబా నీళ్ళలోకి దిగిపోయింది. పదకొండు బిళ్ళలూ నేను నదిలోకి విసిరేశాను. గాలి యంత్రం ఆపి, గొట్టం చుట్టి, ఎదురేటికి ఇంటిదారి పట్టాం. దెరుస్ నా ఒళ్ళో తలపెట్టుకుని వణుకుతున్నాడు. పంపింది నేనే.

వెనక్కి తిరిగి చూశాను. నీటి మీద బుడగలు. ప్రవాహానికి ఎదురుగా... ఒకదాని వెంట ఒకటి... మా వెనకే.

మా రేవు దాకా వచ్చి, మరదలు పడుకునే గది కింద ఆగిపోయాయి.

దెరుస్ మళ్ళీ నీళ్ళలో దిగలేదు. వారం తిరక్కుండా ఇంటిని తెప్పతో సహా అవతలి ఒడ్డుకి లాగించి కట్టుకున్నాం. బుడగలు రావడం లేదు. కానీ మరదలి మంచం కింద నేలపలక ఒకటుంది. అరచెయ్యి ఆనిస్తే ఊపిరిలా వెచ్చగా తగులుతుంది... ఒక క్షణం ఉండి, చల్లబడి, మళ్ళీ వెచ్చగా.