ఎవరూ వాడని ఙ

దేవుడు పనికిరానిది ఏదీ పుట్టించడంటారు. మరి 'ఙ' ఎందుకున్నట్టు? అక్షరాలు దిద్దిన నాటి నుంచీ గుమాస్తాను వదలని సందేహమిది. ఎవరూ వాడని అక్షరం నేను దిద్దనని ఆయన అప్పట్లో పలక పక్కన పడేస్తే, "నాకో ఙ బాకీరా నువ్వు" అంది వాళ్లమ్మ. ఇప్పటికీ అంటూనే ఉంటుంది.

ఆయన పనిచేసేది డిటెక్టివ్ సూదక్క దగ్గర. చూపును బట్టి జనం పెట్టిన పేరది. ఆ ఉదయం బట్టలు కుట్టే కార్ఖానా నుంచి కాజాలమ్మాయి వణుకుతూ వచ్చింది. గోదాములో తానులు మాయమయ్యాయి. తాళం మాత్రం పగల్లేదు. ఆమె సంచిలో ఒక చీటీ దొరికింది: 16 28 21 16 26. బొత్తాలు కుట్టే స్నేహితురాలితో కలిసి కాజేసిందని ఇద్దరినీ పనిలోంచి తీసేస్తున్నారట. తామిద్దరూ అంకెల్లో రాసుకోవడం నిజమేననీ, ఈ చీటీ మాత్రం తమది కాదనీ చెప్పింది.

"అయితే మీ లెక్కేమిటో చెప్పు," అంది సూదక్క.

"చెప్పనండి. అది మా ఇద్దరిదీ. మిషన్ల దగ్గర మాట్లాడొద్దన్నారు, నోరు మూసుకున్నాం. పెన్సిలు కూడా మూసుకోవాలా?"

వచ్చినప్పటి వణుకు ఎటుపోయిందో.

కార్ఖానాలో బొత్తాల డబ్బా అడుగున నలిగిపోయిన పాత చీటీ ఒకటి సూదక్కకు దొరికింది: 18 27 1. ఇది తమదేనని అమ్మాయిలిద్దరూ ఒప్పుకున్నారు, అర్థం మాత్రం చెప్పలేదు. సూదక్క అందరినీ యజమాని గదిలో కూర్చోబెట్టి, గోదాము తాళంచెవి ఉండే మేస్త్రీని సంచిలో దొరికిన చీటీ గురించి అడిగింది.

"ఏముందండీ ఇందులో? క ఒకటి, ఖ రెండు... బళ్లో దిద్దిన వరసే. గుణింతాలూ ఒత్తులూ వదిలేసి రాశారు, 'తలుపు తియ్యి' అని. వీళ్ల చీటీలన్నీ ఇలాగే చదువుతూ వస్తున్నా."

"అయితే ఇదీ చదవండి," అని సూదక్క డబ్బాలో దొరికిన చీటీ ఇచ్చింది.

మేస్త్రీ వేళ్ల మీద లెక్కపెట్టాడు. ద, ర, క. మళ్లీ లెక్కపెట్టి చెమట తుడుచుకున్నాడు.

"గుమాస్తాగారూ, మీకు చిన్నప్పటి నుంచీ పేచీ ఏ అక్షరంతో?" అంది సూదక్క.

గుమాస్తా ఉలిక్కిపడ్డాడు. ఙను, దాని తోడబుట్టినట్టుండే ఞను వదిలేసి లెక్కవేశాడు. న, వ, క.

"నవ్వకు," అని చదివాడు. బొత్తాలమ్మాయి ఆపుకోలేక నవ్వేసింది.

వాడని అక్షరాలకు వీళ్లు అంకెలివ్వలేదని సూదక్క వివరించింది. ఆ లెక్కన సంచిలోని చీటీ 'దశబదల' అవుతుంది, అంటే ఏమీ కాదు. "వీళ్ల చీటీ ఒక్కటీ చదవలేని మనిషి, అన్నీ చదివానని ఎందుకన్నాడు? తను రాసిన ఈ చీటీని వీళ్లదని నమ్మించడానికి. తాళం పగలకుండా తలుపు తీసిందీ తాళంచెవి ఉన్నవాడే."

మేస్త్రీ తలదించుకుని, తానులు ఎవరికి అమ్మాడో చెప్పేశాడు. యజమాని అమ్మాయిలను పనిలో ఉండమంటూనే, ఇక చీటీలు మానుకోమన్నాడు.

"మానం," అంది కాజాలమ్మాయి. "లెక్క మారుస్తాం."

ఇంటికి వెళ్లాక గుమాస్తా వాళ్లమ్మ పక్కన కూర్చుని, పెన్సిలుతో నిదానంగా ఒక ఙ రాసి ఆమె చేతిలో పెట్టాడు. ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని చూసింది.

"వంకర పోయింది," అంది. "పోనీలే, తీరిపోయింది."