వేళకి తినండి

మిట్టమధ్యాహ్నం మొగుడూ తమ్ముడూ ఇద్దరూ కలిసి గుమ్మంలో కనబడేసరికి ఆమె చేతిలో పని వదిలేసి ఎదురెళ్ళింది. ఆఫీసున్న రోజు ఈ వేళప్పుడు ఇల్లు చేరే మనుషులు కారు వాళ్ళు. తమ్ముడి చేతిలో క్యారియర్ మూత తీసినట్టే లేదు. భర్త చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి లోపలికొచ్చి, గోడకేసి తిరిగి కూర్చున్నాడు.

"ఏమైందిరా?"

"ఏం లేదక్కా. నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. కాసిని మంచినీళ్ళియ్యి."

ఏం లేదట! ఆమె తెచ్చిన గ్లాసులో సగం నీళ్ళు దారిలోనే ఒలికిపోయాయి.

ఇద్దరూ పనిచేసేది ఒకే కంపెనీలో. టీవీలకీ, ఫోన్లకీ, కుట్టుమిషన్లకీ వాయిదాల మీద అప్పులిచ్చే కంపెనీ. తమ్ముడు వసూళ్ళ దగ్గర సూపర్వైజరు. బావకి అక్కడ పని ఇప్పించిందీ వాడే. వసూలు చేసేవాళ్ళు మాట్లాడిన ఫోన్ల రికార్డింగులు విని మార్కులు వెయ్యడం ఆయన పని. కొన్నాళ్ళుగా ఆయనకి అన్నం సయించడం లేదు. గుచ్చి గుచ్చి అడిగితే ఒకరోజు నోరు విప్పాడు. వాయిదా తప్పిన ఒకావిడ కూతురి బడికి ఫోన్ చేసి, క్లాసులోంచి ఆ పిల్లని పిలిపించి, "మీ అమ్మ దొంగ, రేపు పోలీసులొచ్చి తీసుకుపోతారు" అని చెప్పారట. పసిదాని ఏడుపంతా రికార్డయింది. తన పై ఆఫీసరుకి చెబితే, భేషుగ్గా ఉంది, పదికి పది వెయ్యమన్నాడట...

ఫిర్యాదులకని కంపెనీలో ఒక నంబరుంది. పేరు చెప్పక్కర్లేదు, మెషీన్లో మాట్లాడి పెట్టేస్తే చాలు. కానీ పొద్దస్తమానం గొంతులు వినే మనుషుల దగ్గర తన గొంతు దాగుతుందా? అందుకే భార్యని బతిమాలాడు, ఏం చెప్పాలో వల్లె వేయించాడు. ఆమె పొల్లుపోకుండా అంతా చెప్పింది. చెప్పి, చివర్లో... అలవాటు కదా... "ఉంటానండీ, వేళకి తినండి" అని మరీ పెట్టింది. మెషీన్‌కి! అవును మరి, ఫోను ఊరికే పెట్టేయడం ఆడవాళ్ళం మనకెప్పుడైనా చేతనయిందా? ఆ రోజు మొగుడూ పెళ్ళాం కడుపుబ్బా నవ్వుకున్నారు కూడా.

ఆ మాటే కొంప ముంచింది.

"ఇవాళ మా అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి అది వినిపించారక్కా" అన్నాడు తమ్ముడు. "చివరి మాట వినేదాకా నాకూ తెలీలేదు. గొంతెవరిదో తేలేదాకా ఎవరూ లేవకూడదన్నారు. బావ చూస్తే చెమటలు కక్కుతూ ఛాతీ పట్టుకున్నాడు. మా ఆవిడ గొంతేనని చెప్పేశాను."

"నీకేమైనా మతిపోయిందట్రా?"

"వచ్చే నెలలో బావకి గుండె ఆపరేషను. కంపెనీ బీమా లేకపోతే ఎక్కణ్ణించి తెస్తావు?"

ఆమె భర్తకేసి చూసింది. "మరి మీరు... మీరేం మాట్లాడలేదా?"

"లేవబోయాను. వాడు చెయ్యి నొక్కి కూర్చోబెట్టాడు" అన్నాడాయన, గోడతో చెబుతున్నట్టు. "కూర్చుండిపోయాను."

ఆమె చీర కుచ్చెళ్ళు సర్దుకుని లేచింది. "నేను వెళ్ళి చెబుతాను. ఆ గొంతు నాదేనని చెబుతాను."

"చెబితే నన్ను మళ్ళీ తీసుకోరు. బావదీ పోతుంది, అంతే."

"మరి ఆ పిల్ల సంగతి?"

"విచారణ అయిపోయిందట. ఎక్కడా తప్పు జరగలేదట."

ఆమె మళ్ళీ కూర్చుంది. ఎవర్ని నిందించాలి? ఎవరి బిడ్డ ఏడుపో విని తిండి మానేసిన మొగుణ్ణా? తను ఎత్తుకుని పెంచితే, ఇవాళ అక్క సంసారాన్ని తన నెత్తికెత్తుకున్న తమ్ముణ్ణా? నోరు కట్టుకోలేని తననా?

ఇంతలో మరదలు వచ్చింది. వదిన ఫోన్ మాటలు అచ్చుగుద్దినట్టు అనుకరించి, ఇంటిల్లిపాదినీ నవ్వించే పిల్ల. ఇవాళ ఆ మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఆఫీసునుంచి నాకు ఫోన్ చేశారు వదినా. 'నువ్వు ఫోన్ పెట్టేటప్పుడు ఎప్పుడూ అనే మాట ఒకసారి అను' అన్నారు ఈయన. నాకెప్పుడూ అనే మాటేముంది? అది నీదే కదా. ఈయన గొంతు వణుకుతోంది. ఎందుకని అడక్కుండా అచ్చం నీలాగే అన్నాను. నిన్ను వెక్కిరించీ వెక్కిరించీ, ఆ వెక్కిరింతతోనే నా మొగుడి ఉద్యోగం ఊడగొట్టాను."

"నన్ను తిట్టవే. కడుపారా తిట్టు తల్లీ..."

"ఎవర్ని తిట్టను? అన్నయ్యగారి గుండెనా, ఆ బడిపిల్లనా? ఇల్లు ఖాళీ చేసి మా పుట్టింటికి పోతున్నాం. పేరు పాడుచేసి పంపారు, ఈ ఊళ్ళో ఈయనకింక పనెవరూ ఇవ్వరు."

తమ్ముడూ మరదలూ వీధిలోకి దిగారు. ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది. ఎప్పుడూ అనే ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. మరదలు వెనక్కి తిరిగి, చెమ్మగిల్లిన కళ్ళతో ఒక్క క్షణం చూసింది.

"ఉంటాం వదినా... వేళకి తినండి."

అచ్చం ఆమె గొంతే. ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు.