దుబాయి ప్యాకు

పొద్దున్నే పిండి గిర్ని తెరవకముందు స్వామిదాసు డాబా మీదికెక్కి ఫోను పైకెత్తి పట్టుకోవడం ఆ ఇంట్లో కొత్తగా మొదలైన అలవాటు. ఎల్లారెడ్డిలో సిగ్నలుకు కొదవ లేదు, వంటింట్లో కూడా బాగానే అందుతుంది. అయినా భార్య ఉన్న దేశం దూరం కాబట్టి కాస్త ఎత్తు నుంచి చూస్తే మేలని ఆయన నమ్మకం.

వాకిట్లో చాట ఒడిలో పెట్టుకుని బీడీల కోసం తునికాకు కత్తిరిస్తున్న ఈరవ్వ తలెత్తి కొడుకును చూసింది.

"జోర్డాన్ దేశం గీడికి కనవడ్తుందారా?"

"నా మెసేజికి ఒక్క టిక్కే ఉన్నదవ్వా. రెండోది పడ్తలేదు."

"దిగు, దిగు. జొన్నలు పట్టించనీకి మైసన్న వచ్చి నిలవడ్డడు. ఆయనకు టిక్కులు పట్టిచ్చి ఇస్తవా?"

స్వామిదాసు భార్య ఎస్తేరు చర్చి వాళ్లతో కలిసి పవిత్ర స్థలాలు చూసి రావడానికి వెళ్లింది. దుబాయిలో విమానం మారేటప్పుడు ఫోను చేసి, అందరం మంచిగున్నం, లైన్ల నిలవడ్డం అని పెట్టేసింది. ఆ తర్వాత ఆమె గొంతు వినపడలేదు. పాస్టరు గారి ఫోను నుంచి మాత్రం రోజుకొక గుంపు ఫోటో వస్తున్నది. అందులో ఎస్తేరు తెల్లచీర కట్టుకుని, ఎండకు కళ్లు చికిలించి, చివర నిలబడి ఉంటుంది. కాబట్టి ఆమె క్షేమం గురించి ఎవరికీ బెంగ లేదు. ఉన్న బెంగ వేరే.

ఆ బెంగ అంతా ఆమె కూతురు గ్లోరీది. గ్లోరీ కామారెడ్డిలో ఒక ఆసుపత్రి ల్యాబులో పని చేస్తుంది, రోజూ బస్సులో వెళ్లి వస్తుంది. ఆమె పుట్టిన రోజునే మేనమామ ప్రభుదాసు ఉయ్యాలలో చెయ్యి పెట్టి "ఇది నా కోడలు" అన్నాడు. ఆయన కొడుకు జీవన్ మంచివాడే. కానీ గ్లోరీ మనసులో ఉన్నది తనతో పాటు ల్యాబులో పనిచేసే అరుణ్‌కుమార్. ఆ మాట తల్లికి చెప్పాలని ఎన్నోసార్లు అనుకుని, చివరికి కామారెడ్డి బస్టాండులో, తల్లి ఎక్కిన హైదరాబాదు బస్సు కదులుతుండగా, కిటికీ కింద నిలబడి చెప్పేసింది. ఎస్తేరు ఏదో అనబోయింది. బస్సు వెళ్లిపోయింది. ఆ రాత్రే గ్లోరీ అదే మాట తండ్రికీ నాయనమ్మకూ చెప్పింది.

దుబాయి నుంచి చేసినప్పుడు కూడా ఎస్తేరు ఆ ఊసెత్తలేదు, పాస్టరు గారి ఫోనులో అడగదగ్గ మాటా కాదది. ఆమె మౌనాన్ని ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చదువుకుంటున్నారు.

"పలుకుతలేదంటే ఏందన్నట్టు? కోపం వచ్చినట్టు," అన్నాడు స్వామిదాసు ఆ పొద్దున డాబా దిగి వస్తూ. "ఆదివారం మీ మామ మాట ఖాయం చెయ్యనీకి వస్తుండు. ఆలస్యమైతె ప్రధానానికి హాలు దొరకదంట. ఇగ నేను చేసేదేమున్నది?"

గ్లోరీ టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని బస్సుకు వెళ్లింది.

ఆ సాయంత్రం కామారెడ్డి బస్టాండు పక్కనున్న రీచార్జి దుకాణంలో ఆమెకు అసలు సంగతి తెలిసింది. తల్లి ఫోనులో బయటి దేశం ప్యాకు వేసింది అక్కడే. దుకాణం సిద్ధిరాములు తన ఫోనులో వెతికి చూసి నవ్వు ఆపుకున్నాడు.

"ఇది దుబాయి ప్యాకు గద చెల్లె. జోర్డాన్ల పని చెయ్యదు."

"మరి గదే ఎందుకు ఏసినవన్నా?"

"మీ బాపే ఏయమన్నడు. టికెట్టు జూపెట్టిండు, దాని మీద దుబాయి అనే ఉన్నది. మన దిక్కుకెల్లి ఎవలు పోయినా ఆడికే గద. నేను మళ్ల అడుగలే."

"ఇప్పుడు అమ్మకు ఎట్ల?"

"హోటల్ల వైఫై దొరికితే దొరికినట్టు. గుంపంత ఒక్కసారే దాని మీద పడితే ఫోటో గూడ కదలది."

గ్లోరీ ఇల్లు చేరేసరికి స్వామిదాసు గిర్ని పిండి కడుక్కుని మంచం మీద కూర్చున్నాడు. ఆమె చెప్పులు కూడా విప్పలేదు.

"అమ్మ పలుకుతలేదు, నా మీద కోపమున్నదంటివి బాపు. పలుకకుంట చేసింది నువ్వే."

ప్యాకు సంగతంతా విన్నాడాయన. "టికెట్టు మీద ఉన్నదే చెప్పిన."

"టికెట్టు మీద రెండూర్లున్నయి. నువ్వు మొదటిది చదివి ఆపినవు."

చాట పక్కకు పెట్టి ఈరవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వీడు చిన్నప్పుడు బడిల గూడ గంతే."

"నువ్వూకో అవ్వా." స్వామిదాసు గొంతు పెరిగింది. "ప్యాకు ఏదైతేంది? ఆమె మాటయితె మనకు అందలే. ఆమె నోటి మాట లేకుంట, ఆమె తోడవుట్టినోనికి కాదని నేనెట్ల చెప్తా? మా అన్న మొకం ఎట్ల చూడాలెనని ఆమె వచ్చి ఏడిస్తే?"

"ఆమె నోటి మాట లేకుంట అవునని ఎట్ల చెప్తవు మరి?"

"అది పాత మాట బిడ్డా. దానికి కొత్తగా ఎవలినన్న అడిగేదేమున్నది?"

"నన్ను," అంది గ్లోరీ. "అందరు నా గురించే మాటిచ్చుకున్నరు. నన్ను మాత్రం ఒక్కసారి ఎవ్వలు అడుగలే బాపు."

అరవలేదామె. అరిచి ఉంటే స్వామిదాసు తిరిగి అరిచేవాడు. ఆమె చెప్పులు విప్పి, పక్కపక్కన పెట్టి, లోపలికి వెళ్లి నాయనమ్మకు అన్నం వడ్డించింది. ఆయన ఆ చెప్పుల వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు.

శనివారం పొద్దున ఉన్నట్టుండి వీడియో కాల్ వచ్చింది. ముగ్గురూ ఫోను మీదికి వంగారు. ఎస్తేరు మొహం గళ్లుగళ్లుగా విడిపోయి, ఒక కన్ను ఒకచోట, బొట్టులేని నుదురు ఇంకొకచోట కనిపించింది.

"హలో... గ్లోరీ... నువ్వన్న మాట..."

అంతే. చక్రం తిరగసాగింది. బొమ్మ మళ్లీ కదిలినప్పుడు గొంతు లేదు, చెయ్యి మాత్రం అడ్డంగా రెండుసార్లు ఊగింది. తర్వాత అదీ పోయింది.

"చెయ్యి ఊపింది. వద్దన్నట్టే," అన్నాడు స్వామిదాసు.

"వినవడ్తలేదని ఊపింది," అంది గ్లోరీ.

"ఈగను కొట్టుకున్నది," అంది ఈరవ్వ. "ఆ దేశంల ఈగలుండయా?"

ఆ మాటకు గ్లోరీకి ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. ఆమె నవ్వు చూసి స్వామిదాసు కూడా, తనకు తెలియకుండానే, నవ్వాడు.

ఆదివారం ఆరాధన ముగిశాక ప్రభుదాసు లింగంపేట నుంచి కారు కిరాయికి తీసుకుని జామకాయల సంచితో దిగాడు. భోజనాలయ్యాయి. ఆయన చేతులు తుడుచుకుని నిమ్మళంగా కూర్చున్నాడు.

"ఇగ చెప్పు బావా. హాలోనికి ఏ తారీకు చెప్పమంటవు?"

స్వామిదాసు ఒకసారి వంటింటి గడప దగ్గర నిలబడ్డ కూతురి వైపు చూశాడు. మంచినీళ్లు తాగాడు. గ్లాసు కింద పెట్టాడు.

"తారీకు తర్వాత బావా. మనం మాటిచ్చుకున్నం గని, పిల్లనెన్నడు అడుగలేదు. దానికి ఇష్టం లేదు. నీకు కోపమొస్తె నన్నను, దాన్ననకు."

ప్రభుదాసు చేతిలోని తువ్వాల అక్కడే ఆగిపోయింది. గ్లోరీ ద్వారబంధం పట్టుకుంది. తండ్రి నోట ఆ మాట వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

అప్పుడే బల్ల మీదున్న స్వామిదాసు ఫోను మోగడం మొదలుపెట్టింది. ఒకటి ఆగకముందే ఇంకొకటి. ఎస్తేరు రోజూ తన గొంతు రికార్డు చేసి ఇంటి గ్రూపులో పెట్టిన మాటలన్నీ ఒక్కసారే వచ్చిపడుతున్నాయి. తిరుగు ప్రయాణంలో ఆమె దుబాయిలో దిగిందని గ్లోరీకి వెంటనే అర్థమైంది.

"చెల్లెదేనా?" అన్నాడు ప్రభుదాసు, మొహం గంటు పెట్టుకునే. "పెట్టు. నేను గూడ ఇంటా."

"తర్వాత విందాం మామా," అని గ్లోరీ చెయ్యి చాపేలోగా ఈరవ్వ వేలితో నొక్కేసింది.

"గ్లోరీ, బస్సు కదిలినంక చెప్పే మాటనా అది?" ఎస్తేరు గొంతు గదంతా నిండింది. "దిగుతనంటే డ్రైవరు ఆపలే. హైదరాబాదు దాక ఏడ్సుకుంట పోయిన."

రెండోదానిలో కొండ ఎక్కిన ఆయాసం, మోకాళ్ల నొప్పి, ఇంకా తగ్గని కోపం ఉన్నాయి. మూడోదానిలో నీళ్ల చప్పుడు వినిపించింది.

"నదిల దిగినమే. అందరు తమ తమ పిల్లల పేర్లు చెప్పుకుంట మొక్కుతున్నరు. నీ పేరు చెప్పి పక్కన జీవన్ పేరు చెప్పబోయిన. నోరు తిరగలే. బస్సు కింద నిలవడ్డ నీ మొకమే కండ్లల్ల మెదిలింది. గట్ల నువ్వు నన్నేదన్న అడిగిన గుర్తు లేదు నాకు. ఇగ గా పిలగాని పేరే చెప్పిన. వాళ్ల బాపు పేరు తెల్వకపాయె, దేవునికే తెలుస్తదని వదిలేసిన."

నాలుగోది దానంతటదే మొదలైంది.

"ఇగ మా అన్న సంగతి. ఆయన అలుగుతడు. మూడు పూటలు తినడు. నాలుగో పూట వదిన చాపల పులుసు వండితె లేస్తడు. మనసు వెన్న ఆయనది. నేనొచ్చి కాళ్లు మొక్కి చెప్పుకుంట. అప్పటిదాక ఆయనకెవ్వలు చెప్పకుండ్రి."

ప్రభుదాసు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"మూడు పూటలు కాదు," అన్నాడు చివరికి. "రెండే. చెల్లె నా పరువు తీస్తుంది."

ముందు ఈరవ్వ నవ్వింది. ఆ తర్వాత ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారో తెలియదు, అందరూ నవ్వుతున్నారు, గ్లోరీ ఏడుస్తున్నది. అదే సమయంలో ఎస్తేరు కాల్ వచ్చింది. ఈసారి మొహం అద్దంలోలా కనిపించింది.

"ఏందో గని ఈడ మస్తు వస్తుంది సిగ్నలు," అంది ఎస్తేరు. "ఆడ ఏ పూట జూసినా సచ్చిపాయె."

స్వామిదాసు దగ్గాడు. "ఇంటికొచ్చినంక చెప్తా."

ప్రభుదాసు ఫోను అందుకున్నాడు. అన్నను చూసి ఎస్తేరు మాట తడబడింది.

"అన్నా, నువ్వీడనే ఉన్నవా? అన్నీ విన్నవా?"

"చాపల పులుసు దాక విన్న. ఏడువకు. విమానం ఎక్కు. హైదరాబాదుల తెల్లారకముందే దిగుతనని పోయేముందు అంటివి గద, నేనే వస్త తీసుకపోనీకి."

ఫోను పెట్టేసి ఆయన లేచాడు. జామకాయల సంచిలోంచి ఒకటి తీసి ఒళ్లంతా తిప్పి చూసి, మళ్లీ అందులోనే వేశాడు. అప్పుడు మేనకోడలి వైపు తిరిగాడు. ఆమె తలెత్తలేదు.

"కారుల జాగున్నది, రాత్రికి నువ్వు గూడ నడువు. ఆ పిలగానికి ఫోన్ చెయ్యి, కామారెడ్డిల నిలవడమను, ఎక్కించుకుందాం. హైదరాబాదు దాక దోవ పొడుగూత నాకు చెప్పుకుంట రావాలె, ఆయన ఎవలో, ఏందో."

గ్లోరీ ఆయన దగ్గరికి వచ్చి, చిన్నప్పటిలా భుజం మీది తువ్వాల లాక్కుని అందులో మొహం దాచుకుంది.

"ఆయనను ముందు సీట్ల కూసోమంటనా, వెనుకనా మామా?" అంది ఆ తువ్వాల లోంచే.

"నా పక్కన," అన్నాడు ప్రభుదాసు.