తెరిచే ముందు ఫోన్, మూశాక ఫోన్

ఆగస్టు పన్నెండున, కోరుట్ల దుకాణం మేడ మీద దేవేందర్ వేడి సర్వపిండి తుంచి నోట్లో పెట్టుకున్నప్పుడే రచన మొదటిసారి ఫోన్ చేసింది. పలకరింపు లేదు.

"సార్, ఫైల్ తెరిచింది మీరేనా?"

"అవును. ఎవ్వలు?"

"సిరిసిల్ల గోదాం నుంచి రచన. పొద్దటి సంది చేసిన పనంత మీరు సేవ్ కొట్టంగనే పోయింది."

"మీరు సుత తెరిచిన్రని నాకేమెరుక?"

"అడగాలె గద!"

"మీరడిగిన్రా?"

అటువైపు నుంచి రచన అనుమానంగా, "ఏంది, నములుతున్నరు?"

"సర్వపిండి."

"నా పని మింగింది సాలక సర్వపిండి సుతనా!" అని పెట్టేసింది. దేవేందర్‌కు కోపం రావాలి. నవ్వొచ్చింది.

ఇద్దరూ నర్సన్న సేటు బట్టల వ్యాపారంలో ఉద్యోగులే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో అమ్మకాలనూ సరుకునూ ఒకచోట కలిపి, ఏ ఊళ్ళో ఏ రంగు చీర పోతోందో సేటుకు చూపించే డేటా మోడల్ తయారుచేయడం వాళ్ళ పని. దాన్ని తయారుచేసే సాఫ్ట్‌వేర్ మాత్రం అలిగిన కొత్తల్లుడు. రెండు టేబుళ్ళు కలపబోతే తెర తెల్లబోతుంది. ఒక లెక్క సరిచేస్తే ఇంకో లెక్క మాయమవుతుంది. ఇద్దరు ఒకేసారి ఫైల్ తెరిస్తే, ఆఖరున సేవ్ చేసినవాళ్ళ పనే మిగులుతుంది.

అందుకని ఇద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. తెరిచే ముందు ఫోన్, మూశాక ఫోన్.

వారం తిరిగేసరికి ఆ ఫోన్లకు తోకలు మొలిచాయి.

"మూసిన. మీ దగ్గర వానుందా?"

"ఉంది. మగ్గాల సప్పుడు సుత ఇనస్తలేదు. మీరేం తిన్నరు?"

రచన 'మూసిన్రా' నుంచి 'మూసినవా'కు దిగిన రోజు, సాఫ్ట్‌వేర్ మధ్యాహ్నమంతా మొరాయించినా దేవేందర్ దాన్ని ఒక్క మాట అనలేదు.

తర్వాత కొత్త వర్షన్ వచ్చింది. ఇద్దరి దగ్గరా అది ఉంటే, ఒకేసారి పనిచేసినా ఎవరి పనీ పోదట. దేవేందర్ చదివాడు. ఇటూ అటూ చూశాడు. 'తర్వాత' అన్న చోట నొక్కాడు. మర్నాడూ అంతే. రచనకు చెప్పలేదు. చెబితే ఇక ఫోన్ చేయడానికి సాకేముంటుంది?

దసరా దగ్గరపడింది. ఒక రోజు బతుకమ్మకు గునుగు పువ్వు ఎక్కడ దొరుకుతుందన్న మాటల్లో పడి, ఎవరు తెరిచారో ఎవరు మూశారో ఇద్దరూ మరిచిపోయారు. ఇద్దరూ సేవ్ కొట్టారు. దేవేందర్‌ది ఆఖరైంది. సేటు రిపోర్టులో సిరిసిల్ల ఊరే లేదు.

జగిత్యాల నుంచి సేటు ఫోన్ చేశాడు. "ఇద్దరుంటేనే గీ లొల్లి. పండుగైనంక నువ్వొక్కనివే చూస్కో. గా పిల్లను కౌంటర్ల కూసోవెడ్త."

రచన ఇష్టపడి నేర్చుకున్న పని అది.

"సేటు, తప్పు ఆమెది కాదు. గీ రోగానికి మందొచ్చి చాన రోజులైంది. నేనే ఎక్కించలే."

"ఎందుకెక్కించలే?"

"అంటే... గది..." అని దేవేందర్ నసిగాడు. సేటు గొంతు తగ్గించాడు. "నేను సుత వయసుల ఉండి అచ్చినోన్నే. ఆమె పని ఆమెకే ఉంటది. కని నిజం మాత్రం నువ్వే పోయి చెప్పు."

సిరిసిల్ల బస్సు చందుర్తి దాటగానే వాన అందుకుంది. దేవేందర్ గోదాం చేరేసరికి చొక్కా పిండితే నీళ్ళు.

"గిట్ల తడుసుకుంట అచ్చినవేంది? ఫోన్ ఖరాబైందా?" అంది రచన.

"కొత్త వర్షన్ అచ్చింది. నీకు చెప్పకుంట దాచిన. నీ పని మీదికి తెచ్చిన. తిట్టు."

ఆమె తిట్టలేదు. తన కంప్యూటర్ తెర అతని వైపు తిప్పింది. కొత్త వర్షన్ అక్కడ దర్జాగా కూర్చుని ఉంది.

"అచ్చిన నాడే ఎక్కించుకున్న."

"మరి రోజు మూసినవా మూసినవా అని నన్నెందుకడిగినవ్?"

"నువ్వు ఎక్కిస్తలేవని నీ ఫోన్లతోనే ఎరుకైంది. ఎందుకో సమజైంది. నోరు తెరుస్తవేమోనని చూస్తున్న. నీకంటే గీ సాఫ్ట్‌వేరే నయం, తప్పైతే తెర తెల్లగజేసైన చెప్తది."

"చెప్పనీకే గద అచ్చిన. నువ్వంటే నాకు పానం. నీకు?"

"ఇష్టం లేకుంటే, నా పని మింగినోనితోని గిన్ని మాటలు మాట్లాడుదునా?" అంటూ తుడుచుకోమని తన చున్నీ విసిరింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక రచన ఫోన్ మోగింది.

"ఎవ్వలు బిడ్డా?" అన్నాడు తండ్రి జలపతి, కంచాలు తీస్తూ.

"కోరుట్ల దేవేందర్, నాయినా."

"మల్ల పని పోయిందా?"

"లేదు, మంచిగనే ఉన్నది."

"మరేందట?"

రచన తల వంచుకుంది. "ఏం లేదు. ఊకెనే."

జలపతి బిడ్డ ముఖంలోని నవ్వు చూశాడు. భార్య పోయాక ఆ ఇంట్లో ఎవరూ ఊరికే నవ్వలేదు.

"ఐతారం అన్నానికి రమ్మను. కోడికూర వండుత," అన్నాడు.

ఆమె నవ్వు దాచుకుంటూ గదిలోకి పోయింది. జలపతి దీపం ఆర్పాడు. వానగాలికి ఊగుతున్న ఆ గది తలుపును, లోపలి మాట ఆగకుండా, మెల్లగా దగ్గరికి వేశాడు.