ముత్యాల తీరంలో పదకొండు ఓడలు

ఈశ్వరన్ చనిపోయినప్పుడు అతని చేతిలో రోమ్ సామ్రాజ్యం ఉంది.

కోవిల్‌పట్టి బస్టాండులో, ఉదయం తొమ్మిదింబావుకి, మధురై బస్సు కిటికీ పక్కన కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ముందుకు వాలిపోయాడు. టికెట్ కోసం కండక్టరు భుజం తట్టాడు. కదల్లేదు. గుప్పిట విప్పితే నలిగిపోయిన జిరాక్సు కాగితం కనబడింది. దానిమీద తెరచాపలెత్తిన రోమన్ ఓడలున్నాయి, ఒక మూల ఈటె పట్టిన సైనికుడున్నాడు.

పదకొండున్నరకి ఆ కాగితం విరుదునగర్‌లో, మిరపకాయల గోడౌను మీది గదిలో, ఇంటెలిజెన్స్ ఉద్యోగిని వాసుకి ముందుంది. కింది నుంచి వచ్చే ఘాటుకి ఆమె పై అధికారి శివరామన్ రెండుసార్లు తుమ్మి మొదలుపెట్టాడు.

"ఈశ్వరన్ మనవాడని నీకు తెలుసు. ఎలా చనిపోయాడో పోస్ట్‌మార్టం చెప్పాలి. ఏడాదిగా ఒక విదేశీ ముఠా వెంటపడుతున్నాడు. కోడ్‌నేమ్ టైబర్. పైకి పబ్లిషింగ్ కంపెనీ. పాత రోమ్ మీద నవలలు వేస్తామంటారు. వాటికి పటాలూ బొమ్మలూ గీసేది కోవిల్‌పట్టిలో చెల్లయ్య. డెబ్బై రెండేళ్లు. ఒకప్పుడు క్యాలెండర్లకి దేవుళ్లని వేసేవాడు."

"అతను ముఠా మనిషా?"

"తెలియదు. ఇది విను."

ఫోన్‌లో రికార్డింగ్ మోగింది. ముసలి గొంతు, విసుగ్గా: "పదకొండు కప్పలు నడి కడలులో నిలబెట్టమంటే ఎట్లమ్మా?"

"హైదరాబాదు డెస్కు దీన్ని, సముద్రంలో పదకొండు కప్పలు పెట్టడం అని రాసి పంపింది. మూడు వారాలు కప్పల మీద పరిశోధన చేశారు."

వాసుకికి నవ్వు రాలేదు. అది వాళ్లింట్లో మాట్లాడే, తమిళం కలిసిన తెలుగు. సాత్తూరు పక్క పల్లెలో ఆమె నాయనమ్మ అలాగే అనేది. "కప్పలు కాదు సార్. కప్పల్. ఓడ. పదకొండు ఓడలు."

శివరామన్ ముఖంలో రంగు మారింది. మన్నార్ సింధుశాఖ అడుగున నేవీ పెట్టిన సెన్సర్లు పదకొండు. పరాయి సబ్‌మెరైన్ వస్తే ముందు వినే చెవులవి.

"ఎవడో వాటి చోట్లు ఇక్కడి ముఠా మనుషులకి చేరవేశాడు. దేశం దాటించడానికి అంకెలు నెట్‌లో పెడితే మనం పట్టేస్తాం. నవలలో మడతపెట్టే బొమ్మని ఎవడు చూస్తాడు! చోట్లు తెలిస్తే ఒక్కరోజులో ఆ చెవులు కోసేస్తారు."

"పటాన్ని ఆపేయనా?"

"ఆపితే ఇంకో దారి వెతుక్కుంటారు. పటం వెళ్లాలి, వాసుకీ. తప్పుగా వెళ్లాలి. నేవీని అడిగి ఖాళీ సముద్రంలో పదకొండు చోట్లు నీ ఫోన్‌కి పంపిస్తాను. మూడింటికి పటం తీసుకోవడానికి కంపెనీ తరఫున సత్యప్రియ వస్తుంది. ఆమె మన మనిషే, రెండేళ్లుగా వాళ్లలో ఉంది. పటం మార్చే సంగతి ఆమెకి ఇంకా తెలియదు. నువ్వే చెప్పు."

కోడ్ మాట ఇచ్చాడు. కాడలో మైకూ స్పీకరూ ఉన్న కళ్లజోడు ఇచ్చాడు.

*

పన్నెండున్నరకి కళాకారుల పింఛను ఆఫీసు ఉద్యోగినిగా, నూలు చీరతో, చంకలో ఫైలుతో వాసుకి చెల్లయ్య గుమ్మంలో నిలబడి తమిళంలో పలకరించింది. ముసలాయన తల ఎత్తలేదు. తెలుగులోకి మారింది.

"పెదనాయనా, కొంచెం నీళ్లిస్తారా?"

కుంచె ఆగింది. "మనోళ్లా? ముందే చెప్పకూడదా! పుష్పం, మనింటి బిడ్డ వొచ్చుండాది చూడు."

ఆయన భార్య పుష్పం చెంబుతో నీళ్లు తెచ్చింది. గోడల నిండా రోమ్. గుర్రపు పందేల మైదానం, స్నానశాలల పొగగొట్టాలు, చేపల పులుసు అమ్మే అంగడి. మధురై దాటి వెళ్లని మనిషి ఆ వీధుల్లో తిరిగొచ్చినట్టు గీశాడు. బల్లమీద అసలు పటం, ముత్యాల తీరం. రోమన్ వర్తకులు కొర్కై రేవు ముత్యాల కోసం వచ్చిన సముద్రం. దానిపక్కన పదకొండు సూది బెజ్జాలున్న ట్రేసింగ్ కాగితం.

"బెజ్జం మీదే ఓడ ఉండాలంటుంది ఆ సత్యప్రియ," అన్నాడు చెల్లయ్య. "వెంట్రుకవాసి జరగకూడదంట. ఏంటికమ్మా? రేవు దగ్గర కదా కప్పల్ నిలిపి నంగూరం వేస్తారు. నడి కడలులో ఏం పని?"

ఈయన అబద్ధాలాడి నెగ్గుకొచ్చే మనిషి కాదని, ముఠావాడు కాదని అనిపించింది. వాసుకి తలుపు వేసి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

ముసలాయన చాలాసేపు తన కుడిచేతిని చూసుకున్నాడు. "నా చేత్తోనా?" అన్నాడు. అంతే. నీలం సీసా మూత తిప్పాడు. "చోట్లు చూపించు. రెండు పూతలు పూస్తే, కింద కప్పల్ ఉండిందని దేవుడికీ తెల్దు."

వాసుకి కొత్త కాగితం మీద కొత్త బెజ్జాలు పొడిచింది. పాత కాగితం పుష్పం పొయ్యిలోకి వెళ్లింది. ఒక్కొక్క ఓడా నీలంలో మునిగి ఇంకోచోట తేలింది. రెండుంబావుకి తొమ్మిది అయ్యాయి.

వీధిలో కారు తలుపు పడింది. నలభై ఐదు నిమిషాలు ముందే!

*

సత్యప్రియ గదిలోకి వస్తుంటే గదే చిన్నదైపోయింది. నెమలికంఠం రంగు పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, చేతిలో శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా పెట్టె.

"కరిసల్ నల్లరేగడిలో పత్తి ఎలా ఉంది?" అంది వాసుకి, ఫైలు తిరగేస్తూ.

"కాయ పగిలింది, కోతకి మనుషులు లేరు." సరైన జవాబే. సత్యప్రియ కళ్లద్దాలు తీసి నవ్వింది. "గుడ్. మనవాళ్లే అన్నమాట."

వాసుకి గుండె తేలికపడింది. చెప్పేయాలి. "మేడమ్, ఆ ఓడల సంగతి..."

"ఒక్క నిమిషం. ముందు అయ్యకి నోరు తీపి చేద్దాం. ఆఖరి బొమ్మ కదా." పెట్టె తెరిచింది. చెల్లయ్య కోవా ముక్క తీసుకున్నాడు.

కళ్లజోడు కాడలో శివరామన్ గొంతు: "వాసుకీ, రిపోర్టు వచ్చింది. విషం. ఈశ్వరన్ ఆఖరుసారి తిన్నది పాలకోవా."

ముక్క ముసలాయన పెదవుల దగ్గరుంది. చెయ్యి పట్టుకుంటే అంతా బయటపడుతుంది. వాసుకి ఫైలుతో గబుక్కున తిరిగింది. కుంచెలు కడిగే మగ్గు ఎగిరి పెట్టె మీద పడింది. నీలపు నీళ్లు బల్లంతా పారాయి.

"పటం!" చెల్లయ్య కోవా విసిరేసి రెండు చేతులా బొమ్మని పైకెత్తాడు.

సత్యప్రియ నవ్వు ఆగిపోయింది. చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లి అక్కడే ఉంది. "ఓడల సంగతి అన్నావు. ఏమిటది?"

"ఓడలా? అయ్యో, కప్పలు మేడమ్! కప్పలనబోయి బొమ్మ చూసి ఓడలనేశాను." వాసుకి చీర కొంగుతో బల్ల తుడుస్తూ దీనంగా ముఖం పెట్టింది. "సముద్రంలో కప్పల మీద ఏదో ప్రయోగమని హైదరాబాదు నుంచి రిపోర్టు. వెళ్లి చూడమని నన్ను తోలారు. ఇక్కడ కప్పా లేదు, గిప్పా లేదు. మీకేమైనా తెలుసా?"

సత్యప్రియ తల వెనక్కి వాల్చి నవ్వింది. చెయ్యి బ్యాగులోంచి ఖాళీగా బయటికొచ్చింది.

చెల్లయ్య వాసుకి కళ్లలోకి ఒక్కసారి చూశాడు. "నీళ్లు చిందినాయి," అన్నాడు. "రెండు కప్పల్ చెడినాయి. పది నిముషాలు కూచో తల్లీ."

ఆమె ముందే మిగతా రెండు ఓడల్నీ నీలంలో ముంచి కొత్త బెజ్జాల మీద తేల్చాడు. సత్యప్రియ బల్లమీదున్న, వాసుకి పొడిచిన ట్రేసింగ్ కాగితాన్నే పరిచి చూసుకుంది. పదకొండుకి పదకొండు సరిపోయాయి. పటం చుట్టి గొట్టంలో పెట్టుకుంది.

"కోవా ఇంకో పెట్టె పంపిస్తాను అయ్యా," అంది వెళ్తూ.

"మరవద్దు," అన్నాడు చెల్లయ్య. కారు మలుపు తిరిగాక వాసుకి కోవాలో విషముందని చెప్పింది. పుష్పం వచ్చి ఆయన చేతివేళ్లు ఒక్కొక్కటే సబ్బుతో కడిగింది.

*

విరుదునగర్ బజారులో, సత్యప్రియ ఎప్పుడూ బొమ్మలు స్కాన్ చేసి పంపే జిరాక్సు షాపు. నాలుగూ ఇరవై. ప్లాస్టిక్ తెర వెనక వాసుకి నిలబడింది. శివరామన్ ఆర్డరు ఒకటే: ఫైలు పూర్తిగా వెళ్లేదాకా ఆమెని ముట్టుకోవద్దు.

సత్యప్రియ సెండ్ నొక్కింది. నలభై శాతం. అరవై. వేళ్లు ఊరుకోక స్క్రీన్ మీద బొమ్మ పెద్దది చేసింది. ఇంకా పెద్దది. ఎనభై.

కొత్త ఓడ పక్కన, నీలం పూత కింద, బూడిదరంగు తెరచాప కొయ్య. దేవుడికి తెలియనిది స్కానర్‌కి తెలిసిపోయింది.

సత్యప్రియ చెయ్యి మెరుపులా మౌస్ మీదికి దూకింది. క్యాన్సిల్! తొంభై మూడు. వాసుకి తెర చింపుకుని వచ్చి ఆ మణికట్టు పట్టేసుకుంది. కుర్చీ పడింది. గాజులు పగిలాయి. జీవితంలో మొదటిసారి శత్రువు పంపే రహస్యం శత్రువుకి చేరాలని మొక్కుకుంటూ వాసుకి పట్టు వదల్లేదు. తొంభై ఏడు. తొంభై తొమ్మిది.

'పంపబడింది' అంది స్క్రీన్.

"కప్పలు," అంది సత్యప్రియ పళ్ల మధ్య నుంచి.

"ఓడలు మేడమ్," అంది వాసుకి, సంకెళ్లు వేస్తూ.

*

మూడో రోజు చేపల బోటు వేషంలో వచ్చిన ముఠా, ఖాళీ సముద్రంలో సెన్సర్ల కేబుల్ కోసం గాలిస్తూ కోస్ట్‌గార్డుకి దొరికింది. చోట్లు చేరవేసిన వాడి పేరు సత్యప్రియే చెప్పింది.

సాక్ష్యం మీద సంతకం కోసం వాసుకి మళ్లీ కోవిల్‌పట్టి వెళ్లింది. చెల్లయ్య అంతా విని, "మరి ఆ నవల ఎప్పుడొస్తుంది?" అన్నాడు.

"నవల లేదు పెదనాయనా. మొదట్నించీ లేదు."

విషం పెట్టబోయారన్నప్పుడు కూడా ఆయన ముఖం ఇంతగా వాడలేదు. సంతకం చేసి కాగితం వాసుకి వైపు తోశాడు.

"ఆ పటం కోర్టులో చూపిస్తారా?"

"తప్పదు."

"పదకొండు కప్పల్ తప్పు చోట ఉండాయి. కింద నా పేరుండాది. చూపించేటప్పుడు పేరు కనబడకుండా దానిమీద వేలు పెట్టి చూపించమ్మా."